గూట్లోని పొగాకు కట్ట

ఈ ఏడాది మార్చి నాలుగో తేదీన, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, గాలి కదలని మబ్బు వాతావరణంలో నిజామాబాద్ గంజ్ వీధిన వెళుతుండగా, ఒక దుకాణం ముందు విప్పిన గోనెసంచి నుంచి ఎండు పొగాకు వాసన వచ్చింది. నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన వెంట నాకు ఇప్పటికీ జీపు చప్పుడు వినిపిస్తుంది.

1964లో నాకు తొమ్మిదేళ్లు. మోస్రా పక్కనున్న మా ఊళ్లో, బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెంట పరుగెత్తి గడలు గుంజుకోవడం, పసుపు ఉడికే కడాయిల ఆవిరికి చేతులు చాపడం, ఉగాది భక్షాలను మూడు రోజులు దాచుకొని తినడం గడిచేసరికి, అవ్వ తన చుట్టల కోసం పెరట్లో వేసిన పొగాకు ఎండి కట్టలకు వచ్చేది. పొగాకు సుంకం కోసం దాని లెక్క సర్కారుకు రాసివ్వాలి. తప్పు రాస్తే జైలేనని ఊరంతా భయపడేది.

అవ్వ దేన్నీ “ఒకటి” అని ఎంచేది కాదు. మొదటి కట్టను “లాభం” అని దేవుని గూట్లో పెట్టి, కుప్పను “రెండు” నుంచి ఎంచింది. కట్టకొక బొగ్గుగీత గోడ మీద గీయడం నా పని. నేను కుప్పలోని వాటికే గీశాను, గూట్లోని దానికి గీయలేదు. చదువురాని నాన్న, మా బాపు, ఆ గీతలను నమ్మి కాగితం రాయించాడు.

ఏప్రిల్ పదహారు, గురువారం, తొమ్మిదిన్నరకు జీపు ఆగింది. ఎక్సైజు అధికారి కుప్పను ఎంచి, గూట్లోకి తొంగి చూశాడు.

“ఇదేందవ్వా?”

“గది లాభం సారూ. దేవునిది.”

“దేవుడు గూడ చుట్ట తాగుతడా?”

జవాన్లు నవ్వారు. బాపు నవ్వలేదు.

“గోడ మీద గీతలెవరు గీసిండ్రు?”

నేను ధాన్యం గరిసె వెనక్కి నక్కాను. నోరు తెరిస్తే నన్ను తీసుకుపోతారు, తెరవకపోతే బాపును.

“నేనే గీసిన సారూ. లెక్క తప్పిన,” అన్నాడు బాపు.

కట్టలతో పాటు అతన్నీ జీపెక్కించారు. అవ్వ పొయ్యి రాజేయలేదు. మరునాడు సాయంత్రం ఐదు గంటలకు, మోకాళ్ల దాకా దుమ్ముతో, బాపు నడిచి వచ్చాడు.

“అన్నం తిన్నవా బిడ్డా?” అన్నాడు. గీతల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత అతను బతికున్న ఇరవై మూడేళ్లలో ఏ రోజూ.

ఇప్పుడు ఆ పెరడు లేదు, ఆ గూడు లేదు, పొగాకు కట్టలు ఎంచే అధికారులు ఇళ్లకు రావడం ఎప్పుడో మానేశారు. ఆనాడు అధికారి తన పుస్తకంలో రాసుకున్న తుది లెక్క: కట్టలు పదమూడు. గోడ మీద నా గీతలు పన్నెండు.