గెలిచింది చెయ్యి కాదు

రెండువేల ఎనిమిదిలో నేను బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళ చేత వీడియో గేమ్‌లు ఆడిస్తే చెయ్యి త్వరగా కదులుతుందని అప్పుడప్పుడే అంటున్నారు. మా విభాగానికీ ఒక సెట్టు వచ్చింది. రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే టీవీలో బంతి దొర్లి, ఎదురుగా నిలబెట్టిన సీసాల్లాంటి పిన్నుల్ని పడగొడుతుంది.

నరసింహులుగారికి కాటన్‌పేటలో బట్టల అంగడి. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అసలే కుదురుగా కూర్చోలేని మనిషి. వ్యాయామానికని ఏ వస్తువు ముందు పెట్టినా ఎడమచేత్తో తోసేసేవారు.

“సుమ్నే, ఊరికే కూర్చోబెట్టి పిల్లకాయల పని చేయిస్తా ఉండావు. ఆడ అంగడి ఏమైపోతా ఉండాదో!”

రిమోట్‌ను ఆయన కుడిచేతి వేళ్ళకు బ్యాండేజీతో కట్టి ఆట పెట్టాను. మొదటి పిన్ను పడగానే కేక వేశారు. ఇక ఆయన్ని ఆపేవారు లేరు. స్కోరు పెరుగుతూనే ఉంది. పక్క వార్డుల డాక్టర్లు కూడా వచ్చి చూసి వెళ్ళేవారు.

నాకే ఏదో తొలుస్తుండేది. ఇంట్లో ఇంకా భార్య గౌరమ్మే అన్నం తినిపిస్తోంది. మరి ఈ గెలుపంతా ఎక్కడికి పోతున్నట్టు?

ఒకరోజు టీవీ చూడడం మాని ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నడుము తిప్పి, ఒళ్ళంతా విసురుతున్నారు. చెయ్యి వేలాడుతూ వెంట వెళ్తోంది, అంతే. దీన్ని మేం కాంపెన్సేషన్ అంటాం. బలహీనపడిన కండరం చేయాల్సిన పనిని బాగున్నవి చేసేయడం. యంత్రానికి రిమోట్ కదిలితే చాలు. ఇదే అలవాటైతే ఆ మోచెయ్యి ఇక తనంతట తాను సాగదేమో.

ఆ మాట ఆయనకు చెప్పక తప్పలేదు.

“గెలుస్తా ఉండానా, లేదా?”

“గెలుస్తున్నది మీ నడుమండీ. చెయ్యి కాదు.”

“టీవీ మెచ్చుకుంటా ఉండాది. నీకేం నొప్పమ్మా?”

ఆ తర్వాత రావడం మానేశారు. ఆయనకున్న ఒక్క ఉత్సాహాన్నీ నేనే చంపేశానా? లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి చూసేదాన్ని.

చివరికి గౌరమ్మ వెంటబెట్టుకొచ్చింది. “ఇంట్లో గోడకి వీపు ఆనించి ఊపి చూసుకున్నాడమ్మా. చెయ్యి లేవలేదు. అప్పుడు నమ్మినాడు.” సంచిలోంచి తువ్వాలు తీసి, నడుము తిరగకుండా ఆయన ఛాతీని కుర్చీకి తనే కట్టింది.

తెరమీద బంతి ప్రతిసారీ పిన్నుల్ని తాకకుండా పక్కనున్న గాడిలోకే పోయింది. ఆయన నన్ను తిట్టారు, బంతిని తిట్టారు, టీవీని తిట్టారు. కుర్చీ మాత్రం వదల్లేదు. వారాలు గడిచాక ఒక ఉదయం మోచెయ్యి కాస్త సాగింది. బంతి నత్తలా పాకి ఒకే ఒక్క పిన్నును పడేసింది. ఆయన కేక వేయలేదు. తెరను వదిలి నా ముఖంలోకి చూశారు.

“ఇది చెయ్యేనా?”

“చెయ్యేనండీ.”

ఆ చెయ్యి పూర్తిగా రాలేదు. అంగడిలో గుడ్డ కదలకుండా అదిమి పట్టేంత వచ్చింది. కొలవడం, కత్తిరించడం ఎడమచేతితోనే. ఆ తర్వాత ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా, ఎవరి చేత ఆడించినా, నేను టీవీకి వీపు పెట్టే నిలబడుతున్నాను. బంతి ఎక్కడ పడిందో యంత్రం చెబుతుంది. దాన్ని ఏ కీలు విసిరిందో చూడవలసింది నేను.