ఆపా పెట్టిన మొదలు

సోమవారం పొద్దున గుడివాడ నుంచి బందరు వస్తున్న బస్సులో ఉండగా మా ఆఫీసు పెద్దాయన ఫోన్ చేసి చెప్పారు, ఆపా ఇక లేరని. గుండెపోటట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇకనుంచి నన్ను ఎవరితోనూ పోల్చరు కదా అనిపించింది ముందు.

ఆపా అంటే అక్క. వెబ్‌సైట్లు తయారుచేసే మా చిన్న ఆఫీసులో వయసులో పెద్దావిడ కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్లం. ఉద్యోగంలో మాత్రం నేనే సీనియర్ని. నా గొప్పంతా ఒక జాబితాలో ఉండేది. సైటు కోడు ముక్కలన్నిటినీ ఒక కట్టగా కట్టే సాఫ్ట్‌వేర్‌ని బండ్లర్ అంటారు. ఏ పేజీ ఏ ఫైలుతో మొదలవుతుందో దానికి ఒక్కొక్కటిగా చెప్పాలి. ఆ జాబితా చేత్తో రాసేది నేను. కొత్త పేజీ పెట్టాలంటే ఎవరైనా నా కుర్చీ దగ్గరికి రావాల్సిందే.

ఆపా కుర్చీలో బాసింపట్టు వేసుకుని, టీ గ్లాసు మీద స్టీలు మూత పెట్టి, అది చల్లారేదాకా మరిచిపోయి పనిచేసేవారు. అలా ఒక నెలలో, బండ్లర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్లగిన్ రాసేశారు. ఏ ఫోల్డర్లోనైనా ‘మొదలు’ అనే పేరుతో ఫైలుంటే చాలు, బండ్లర్ తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. జాబితాతో పనిలేదు.

“వెతికే పని దానికిచ్చెయ్ తమ్ముడూ. నువ్వు కాస్త గాలి పీల్చుకో” అన్నారు.

నా కడుపు మండిపోయింది.

ఆ ప్లగిన్‌ని ఆపా ఇంటర్నెట్లో ఊరికే పెడితే ఎక్కడెక్కడివాళ్లో వాడుకున్నారు. తెలుగు ముక్క రానివాళ్లు కూడా తమ ఫైళ్లకు ‘మొదలు’ అని పేరు పెట్టుకున్నారు! ఎవరో అది తన దగ్గర పనిచేయట్లేదని రాసిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మర్నాటికల్లా ఆపా బాగుచేసేశారు.

నా సైట్లలో మాత్రం దాన్ని పెట్టనివ్వలేదు. కోడూరు రొయ్యల రైతుల సైటులో చెరువు నీళ్ల పరీక్షల పేజీని జాబితాలో రాయడం ఒకసారి మర్చిపోయాను. ఆ పేజీ తెరుచుకోక రైతులు ఫోన్ల మీద ఫోన్లు. పెద్దాయన కేకలేస్తుంటే ఆపా లేచి, “నేనే చూసుకోలేదండీ” అన్నారు. ఆ సాయంత్రం ఆవిడే కూర్చుని సరిచేశారు. ఏం మార్చారో చూస్తే ఇంకా మండుతుందని నేను చూడలేదు. మంచితనంలో కూడా నాకంటే ముందేనా అని కుళ్లుకున్నాను. కనీసం థాంక్స్ చెప్పలేదు.

ఆపా సమాధికి మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడు ఆవిడ ప్లగిన్ పేజీ తెరిస్తే, ముఖం ఎరగనివాళ్లంతా బాధపడుతూ రాసి ఉన్నారు. నేను పోతే ఎవరు రాస్తారని అప్పుడూ అసూయే. ఆ ఉక్రోషంలోనే, ఆ ప్లగిన్ పనిచేయకపోతే చూసి సంతోషిద్దామని కోడూరు సైటు తెరిచి, నా జాబితా మొత్తం తీసేసి, ఆపా ప్లగిన్ పెట్టాను. ‘మొదలు’ అనే ఫైలు నేనొక్కటీ పెట్టలేదు కాబట్టి ఏ పేజీ రాకూడదు. అన్నీ వచ్చాయి.

ఫోల్డర్లు తెరిచి చూశాను. నా ప్రతి ఫైలు పక్కనా ‘మొదలు’ అనే చిన్న ఫైలు, నా ఫైలుని పిలుస్తూ ఉంది. మొదటివి ఆ రొయ్యల రైతులు ఫోన్లు చేసిన సాయంత్రానివి. ఆ తర్వాత నేను కొత్త పేజీ పెట్టినప్పుడల్లా ఒకటి చేర్చుకుంటూ వచ్చారు. చివరిది పోయిన వారానిది. ప్రతిదాని పైనా ఒక వాక్యం: “తమ్ముడు జాబితా తీసేసిన రోజుకి.”

చేత్తో చేసే పనంటే గిట్టని మనిషి, పదిహేడు ఫైళ్లలోనూ విడివిడిగా రాశారు.