పిన్నికి బీపీ ఉందని సుగుణమ్మగారికే తట్టింది

ఈ పొద్దున మైపాడు పక్కన మా ఊళ్ళో గుండె పరీక్షల క్యాంపు పెట్టినారు. సముద్రంలో చేపల వేటకెళ్ళే మా బాబాయి ఒకప్పుడు బీడీలు బాగా తాగేవాడు. అందుకని బతిమాలి తీసుకెళ్ళినాను. పిన్ని ఊరికే తోడొచ్చింది.

బాబాయికి అంతా బాగుందన్నారు. మేం వచ్చేస్తుంటే ఏఎన్ఎం సుగుణమ్మగారు పిన్నిని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టినారు. ఆమె ఇరవై ఏళ్ళుగా మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషి.

"నాకెందుకక్కా? నేనేమన్నా బీడీలు తాగినానా?" అంది పిన్ని.

"నేను కొత్తగా వచ్చినప్పుడు బీడీలు మాన్పించడమే నా పనమ్మా. ఇప్పుడు బీడీలు తగ్గినాయి, బీపీలు, షుగర్లు పెరిగినాయి. అప్పుడు నువ్వు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట దాకా నడిచేదానివి. ఇప్పుడు ఆటోలో పోతున్నావు. ఉప్పుచేప మాత్రం మానలేదు కదా," అన్నారామె.

పిన్ని నవ్వింది. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. ఆ తర్వాత నవ్వలేదు.

కొత్త డాక్టరుగారు పిన్నికి మందులు రాసి, ఇంకా ఎవరెవరిని చూడాలో చెప్పమని సుగుణమ్మగారినే అడిగినారు. ఆమె ఎండలో ఇళ్ళ వెంట తిరిగి, వంటపనిలో ఉన్న ఆడవాళ్ళను పిలుచుకొచ్చినారు. మధ్యాహ్నానికి మగవాళ్ళ వరస కంటే వాళ్ళ వరసే పొడుగైంది. మా ఊరు ఎట్లా మారిందో మాకంటే ఆమెకే బాగా తెలుసు.

బాబాయిని గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళిన నాకు, పక్కనే నడిచొచ్చిన పిన్ని సంగతి తట్టనే లేదు. మీ ఇంట్లో ఆడవాళ్ళు బీపీ ఎప్పుడు చూపించుకున్నారో మీకు తెలుసా? తెలియకపోతే అడిగొచ్చి రాయండి.