మెదిపిన ముల్లంగి పథ్యం

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఇవాళ ముల్లంగి ఘాటు ముక్కుకి తగలగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళారా, మీ ఇళ్ళల్లోనూ కామెర్లకి ఇదే పథ్యం కదూ?

అప్పుడు మాది కొల్లేరు ఒడ్డున ఊరు. నాకు తొమ్మిదేళ్ళు. నాన్నగారి కళ్ళు పచ్చబడ్డాయి. నాయనమ్మ ముల్లంగి ముక్కల్ని మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, ఉప్పూ జీలకర్రా కలిపేది. నూనె చుక్క తగలనిచ్చేది కాదు.

"ఒంట్లో వేడి లాగేస్తుందిరా, తిను," అనేది.

నాన్నగారు తినేవారు. రోజుకో ముద్ద తగ్గుతూ వచ్చింది. అయిదో రోజు నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచారు.

"జ్వరం మాటలే," అంది నాయనమ్మ.

అమ్మ ఆయన ఒళ్ళు పట్టి చూసింది. చల్లగా ఉంది.

"జ్వరం లేదండి అత్తయ్యగారూ. ఏలూరు తీసుకెళ్ళిపోతానండి." అమ్మ ఆవిడకి ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో డాక్టరుగారు, "ముల్లంగి మంచిదేనమ్మా, మందు మాత్రం కాదు. కామెర్లు ముదిరి మెదడుదాకా పాకాయి. రేపటిదాకా ఆగుంటే నేనేమీ చెయ్యలేకపోదును," అన్నారు.

మూడు వారాలకి నాన్నగారు ఇంటికొచ్చారు. నాయనమ్మ అన్నం కలిపి, ముద్ద పట్టుకుని, ఆయనకి పెట్టకుండా అమ్మ వైపు తిరిగింది.

"పెట్టొచ్చా అమ్మాయ్?" అని అడిగింది.