ధనలక్ష్మి ఎంచిన ఎంజైమ్

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. టెక్కలిలో ఒక చిన్న బయోటెక్ సంస్థలో బయోఇన్ఫర్మాటిక్స్ పని చూసేదాన్ని. బ్యాక్టీరియా ఎంజైములను కంప్యూటర్‌లో ఒకదానితో ఒకటి పోల్చి, పరిశ్రమకు ఏది పనికొస్తుందో అంచనా కట్టడం నా ఉద్యోగం. అన్నిటినీ ల్యాబ్‌లో పరీక్షించే స్తోమత ఎవరికీ ఉండదు. అందుకే ముందుగా ఒకటి రెండింటిని ఏరి ఇస్తాం.

వజ్రపుకొత్తూరు వైపు రొయ్యలు ఒలిచే షెడ్డు నడిపే అప్పారావు గారు ఒకరోజు మా దగ్గరికి వచ్చారు. పెంకుల కుప్పలు కుళ్లి ఊరంతా కంపు.

"ఊరోల్లు షెడ్డు మూసీమంటన్నారు మేడమ్. మూసీత్తే పనిలో ఉన్న ఆడోల్లు ఏటి తినాల?" అన్నారు.

రొయ్య పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు కైటినేజ్. అలా విడగొట్టిన పెంకును మొక్కలకు చల్లే మందుగా అమ్ముకోవచ్చు. కానీ షెడ్డులో ఉన్నదంతా ఉప్పునీరు. ఆ ఉప్పులోనూ పనిచేసే కైటినేజ్ కావాలి.

ఆ పని నాదే అనుకున్నాను. మా డైరెక్టర్ మేడమ్ కొత్తగా చేరిన ధనలక్ష్మిని కూడా పిలిచారు. "విడివిడిగా చేసి చెరొకటి ఇవ్వండి. ఎవరిది బాగా పనిచేస్తే తర్వాతి ప్రాజెక్టు వాళ్లు నడుపుతారు" అన్నారు.

ధనలక్ష్మిది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. తల్లి ఆ షెడ్డులోనే రొయ్యలు ఒలుస్తుంది. అప్పారావు గారు వస్తే నాకు నమస్కారం పెట్టి, వెళ్లి ధనలక్ష్మి పక్కన కూర్చునేవారు. నేనేం చెప్పినా డైరెక్టర్ మేడమ్ "ధనలక్ష్మి చూసిందా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఆదివారం చర్చిలో తల వంచి ప్రార్థన చేస్తున్నా ఆమె ఎంజైములకు కంప్యూటర్ ఇచ్చిన స్కోర్లే కళ్ల ముందు మెదిలేవి.

నేను నమ్మింది ఎలైన్‌మెంట్‌ని. అంటే ఎంజైముల్లోని అమైనో ఆమ్లాల వరుసలను పక్కపక్కన పేర్చి పోలికలు చూడటం. ఉప్పు తట్టుకుంటుందని తెలిసిన ఎంజైమ్‌కు దగ్గరి పోలిక ఉన్నదాన్ని ఎంచాను. పోలిక తక్కువని నేను పక్కన పడేసినదాన్నే ధనలక్ష్మి ఎంచింది. దాని ఆకారాన్ని కంప్యూటర్‌లో కట్టి, పైపొరలో ఉప్పును తట్టుకునే లక్షణాలున్నాయంది.

ఎంచిన ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు కోసం ఆర్డర్ పెట్టేముందు ఒకరి ఫైలు ఒకరు సరిచూడాలి. తప్పు దొరకాలని కోరుకుంటూనే ఆమె ఫైలు తెరిచాను. దొరికింది. కొన్ని ఎంజైముల మొదట్లో సిగ్నల్ పెప్టైడ్ అనే చిన్న ముక్క ఉంటుంది. ఎంజైమ్‌ను కణం బయటికి పంపడం దాని పని. మేం ల్యాబ్‌లో బ్యాక్టీరియా కణాల లోపలే ఎంజైమ్‌ను తయారుచేస్తాం కాబట్టి దాన్ని తీసెయ్యాలి. ఆమె తియ్యలేదు.

భోజనాల తర్వాత ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను.

"ధనా, సిగ్నల్ పెప్టైడ్ అలాగే ఉంది."

ఆమె ఫైలు తెరిచి మొదటి వరుస చూసింది. "ఇలాగే ఎల్లిపోతే ఏటవుద్దక్కా?"

"ఎంజైమ్ ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది."

"సెప్పకపోతే నీదే నెగ్గీసును గదా."

"అందుకే చెప్పడానికి ఇంతసేపు పట్టింది."

ఆమె ఆ ముక్క తీసేసింది. "అయితే నీది కూడా బాగా సూత్తాను" అని సాయంత్రం దాకా నా ఫైలు చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు.

తప్పు లేకుండానే ఓడిపోయాను. ఉప్పునీళ్లలో నా ఎంజైమ్ మందగించింది. ఆమెది పెంకుల పొడిని చక్కగా విడగొట్టింది. ప్రాజెక్టు ఆమెకు వెళ్లింది. అభినందనలు చెప్పి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. షెడ్డు మాత్రం మూతపడలేదు.

ఆమె ఫైలులో ప్రతి వరుసనూ తప్పెక్కడుందో అని చదివాను. నా ఫైలును ఎన్నడూ అలా చదవలేదు. చదివి ఉంటే, పోలిక తక్కువైనవాటిని ఎందుకు పక్కన పెడుతున్నానని నన్ను నేనే అడిగి ఉండేదాన్ని. ఇప్పుడు ఏ జాబితా పంపాలన్నా, అది ధనలక్ష్మి చేసిందనుకుని చదువుతాను. అసూయ పోలేదు. దాన్ని పనిలో పెట్టుకున్నాను.