పోగొట్టుకోవడంలో హెఫిన్ తర్వాతే ఎవరైనా

లాటరీ తగలకపోతే పండగ చేసుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? వేల్స్‌లో, బొగ్గుగనులు మూతపడ్డ ఓ లోయలో, హెఫిన్ అని ఒకాయన ఉండేవాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ప్రతి ఆదివారం పొద్దున్నే టోపీ ఊపుకుంటూ, "పోయిందర్రా! మళ్లీ పోయింది!" అని వీధంతా చాటేవాడు. ఆ వాలకం చూస్తే మనవడు పుట్టాడేమో అనుకోవాలి.

"ఏడవాల్సిందిపోయి ఆ ఇకిలింపేంటయ్యా?" అనేవాళ్లు.

"ఏడుపెందుకు? లాటరీ సొమ్ములో ఓ వాటా ఆటపాటలకిస్తారుగా! నాది అక్కడికే పోయింది."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. బస్సెక్కి దేశమంతా తిరిగి, తన సొమ్ము ఎలా ఉందో చూసుకొచ్చేవాడు. ఉత్తరాన వీణల్లాంటి హార్పులు నేర్పే బడికెళ్లి, "ఆ చివరి తీగ నాదమ్మా, కాస్త మెల్లగా మీటు" అన్నాడు. పడమట తోలుబొమ్మలాటలో రాక్షసుడి ముక్కు ఊడితే, "అయ్యో, నా ముక్కు!" అని లేచి నిలబడ్డాడు.

సొంతూళ్లో అయితే అడ్డేలేదు. గనికార్మికుల పాత హాల్లో మెరెరిడ్ అనే ఆవిడ లాటరీ సాయంతో నాటకాలు వేయించేది. యుద్ధం సీన్లో డోలు మోగగానే, "అదిగో, నాదే!" అని హెఫిన్ అరిచాడు. చావబోతున్న రాజు ఫక్కున నవ్వేశాడు.

మెరెరిడ్ తిట్టలేకపోయింది. మొదట్లో ఆ హాలుకి పిట్ట కూడా వచ్చేది కాదు. "మేం పోగొట్టుకున్న డబ్బుతో గంతులేస్తోంది" అని ఊరు ఆడిపోసుకునేది. హెఫిన్ గోల మొదలయ్యాక మిగతావాళ్లకీ పౌరుషం వచ్చింది. "డోలు నీదైతే తెర నాది" అంటూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. హాలు నిండింది.

ఆ చలికాలం హెఫిన్ బూటు నోరు తెరిచి, బొటనవేలు బయటికి తొంగిచూసింది. అది మెరెరిడ్ కంటపడింది. పింఛనంతా లాటరీ టిక్కెట్లకే తగలేస్తున్నాడు, అదీ నా నాటకాల కోసం అనుకుంది. ఆ రాత్రి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే టిక్కెట్లమ్మే టవిన్ కొట్టుకి పరుగెత్తింది.

"నీకు దణ్ణం పెడతా, ఆయనకి ఇక టిక్కెట్లమ్మకు!"

టవిన్ తెల్లబోయాడు. "హెఫిన్‌కా? పిప్పరమెంట్లు తప్ప ఆ మహానుభావుడు నా దగ్గర కొన్నదేముంది? జూదమాడనని వాళ్లమ్మకి ఒట్టేశాట్ట."

మెరెరిడ్‌కి ఊపిరి తిరిగొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. తిన్నగా హెఫిన్ ఇంటికెళ్లింది.

"బాబాయ్! ఒక్క టిక్కెట్టయినా కొనకుండా ఇన్నాళ్లూ ఏం పోయిందని ఊరేగావ్?"

హెఫిన్ టీ కెటిల్ వెనక దాక్కోబోయాడు. "మరేం చెయ్యనమ్మాయ్? పోగొట్టుకున్నవాళ్లు నీమీద పళ్లు నూరుతుంటే చూడలేకపోయా. నవ్వుతూ పోగొట్టుకునేవాడు ఒకడుంటే మిగతావాళ్లకి కడుపుమంట తగ్గుతుందని..."

"మరి ఆ బూట్లు?"

"కొత్తవి అటకమీదున్నాయి. కరుస్తున్నాయి."

మెరెరిడ్ కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "మరి ఇన్ని అబద్ధాలాడావే, మీ అమ్మకిచ్చిన మాట ఏమైంది?"

"జూదం ఆడొద్దంది, అంతే. అబద్ధాల సంగతి పాపం మర్చిపోయింది" అన్నాడు హెఫిన్, టీ వంపుతూ.