మైదుకూరు బస్టాండులో అత్త

మైదుకూరు బస్టాండులో ఎవరో పెద్దామె వచ్చి నా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పకుండా పిల్లల్నేసుకోని యాడికి పోతాండావే? మీ మామ ఆడ కాసుకోనుండాడు, నడువు!" అని అరిచింది.

పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషేమోనని కేకపెట్టబోయాను. అంతలో ఆమె కోపం మొహంతోనే వంగి, "ఆ బిస్కెట్ పొట్లం పట్టుకున్నోడు శానా సేపట్నుంచి నీ బిడ్డెను సైగ చేసి పిలుస్తాండాడు. తిరిగి సూడొద్దు. నేను మీ అత్తనైనట్టు తల వంచుకోని రా," అంది మెల్లగా.

అత్త కోడలిని తిడుతుంటే మధ్యలోకి ఎవరూ రారు. కడప బస్సు ఎక్కేదాకా తిడుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే వాడు బస్సు వైపే చూస్తున్నాడు. ఆమె కిందే, వాడికి అడ్డంగా నిలబడి ఉంది.

మరుసటి పొద్దున పిల్లలు, "మనల్ని తిట్టినామె ఎవరమ్మా?" అని అడిగారు.

నాయనమ్మను మేము జేజి అంటాం. "మీ జేజి," అన్నాను.